మూడు పాళ్ళ విత్తనం

అనగా అనగా ఒక నల్లరేగడి దేశం. ఆ దేశాన్ని ఏలే రాజు పేరు ఇమ్మడిరాజు. ఆ రాజుగారి విత్తనాలను కాపాడే మనిషి పేరు సుంకమ్మ.

కోట వెనుక ఎత్తయిన దిబ్బ మీద మూడు పాతరలు ఉండేవి. మనిషి దిగితే తల కూడా కనబడనంత లోతు. వాటి నిండా జొన్న విత్తనం. ఒక్కో పాతర దేశమంతటికీ ఒక్క ఏటికి సరిపోతుంది. పంట చేతికి రాగానే రైతులు కొత్త గింజలు తెచ్చి మళ్ళీ నింపేవారు. వేపాకు కలిపి, మూతికి మట్టి మెత్తి, గింజ పుచ్చిపోకుండా చూసుకోవడం సుంకమ్మ పని. ఆమె తల్లి చేసిన పనీ అదే.

ఆ దేశంలో ఒక కట్టడి ఉండేది. వానాకాలం పోయి శరత్తు వచ్చాక, హస్త కార్తె ప్రవేశించిన నాడు డప్పు మోగుతుంది. ఆ రోజే ఒక పాతర తెరవాలి. ఇంటికి మూడు కుంచాల చొప్పున పంచాలి. పొద్దుగూకేసరికి ఆ పాతరలో గింజ మిగలకూడదు. మిగిల్చినవాళ్ళను పొలిమేర దాటిస్తారు. ఎప్పుడో ఒక దుర్మార్గుడు విత్తనం దాచి పొరుగు దేశంలో అమ్ముకున్నాడట. అందుకు పుట్టిన కట్టడి అది. మంచి కట్టడే. హస్తలో విత్తితే నాలుగు రోజుల్లో వాన పడేది. ఆ తరువాతి కార్తె చిత్తలో చేను పచ్చబడేది. మాఘంలో కంకి వంగేది. తాతల నాటినుంచీ అంతే.

తరువాత కాలం మారింది. ఎందుకు మారిందో ఎవరికీ తెలియదు.

మొదటి ఏడు హస్తలో విత్తారు. వాన రాలేదు. పడమటి గాలి దుమ్ము లేపుతూనే ఉంది. గింజలను చీమలు ఎత్తుకుపోయాయి. నెల తిరిగాక, స్వాతి కార్తెలో కుండపోతగా కురిసింది. అప్పటికి ఎవరింట్లోనూ గింజ లేదు. రెండో పాతర తెరవడానికి ఆజ్ఞ లేదు.

రెండో ఏడు హస్తలో ఒక జల్లు పడింది. మొలక లేచింది. చిత్త ఎండకు ఆ మొలక మాడింది. మళ్ళీ స్వాతిలో వానలు దంచాయి. చేలల్లో గడ్డి తప్ప ఏమీ మొలవలేదు.

ఆ చలికాలంలో సుంకమ్మ తమ్ముడు చిన్నీరన్న కుండా చట్టీ బండికెత్తి, పెళ్ళాం పిల్లలను ఎక్కించుకొని దేశం విడిచిపోయాడు. ఆమె పొలిమేర దాకా బండి వెంట నడిచింది. దారికి రెండు వైపులా గడ్డి నవనవలాడుతోంది.

"నేలలో ఇంత తడి ఉందే అక్కా! గింజే లేకపోయింది," అన్నాడు తమ్ముడు.

 ఆమె బండి కనుమరుగయ్యేదాకా నిలబడి, వెనక్కి వచ్చింది.

మూడో ఏడు వచ్చింది. మిగిలింది ఒక్కటే పాతర. హస్తకు పది రోజుల ముందు సుంకమ్మ గుండనామాత్యుడి ఇంటికి వెళ్ళింది. ఆయన రాజుగారికి మంత్రి, కట్టడి అంటే ప్రాణం పెట్టే మనిషి.

"అయ్యా, గాలి ఇంకా పడమటినుంచే వీస్తోంది. ఈసారి విత్తనం ఒక్కసారే పంచితే కష్టం. కొంచెం ఆగి చూద్దాం," అంది.

"హస్తకు విత్తాలన్నది పెద్దల మాట. దాన్ని మార్చడానికి నేనెవరిని? నువ్వెవరివి?" అన్నాడు మంత్రి.

హస్త ప్రవేశించింది. డప్పు మోగింది. జనం గోతాలు పట్టుకొని దిబ్బ మీదికి వచ్చారు. సుంకమ్మ పాతర మూతి తీసింది. ఇంటికి ఒక్క కుంచమే కొలిచింది.

"ఇదేం కొలత పెద్దమ్మా? మాకు రావలసినవి మూడు కుంచాలు," అని గదమాయించాడు కరెన్న అనే రైతు.

"ఒకటి ఇప్పుడు. ఒకటి చిత్తలో. ఒకటి ఆ తరువాత."

"రేపే వాన కురిస్తే? మా చేలు రెండు పాళ్ళు బీడు పెట్టుకోవాలా?"

"కురిస్తే తప్పు నాదే," అంది సుంకమ్మ.  కురుస్తుందేమోనన్న భయం ఆమెకు లేకపోలేదు.

మధ్యాహ్నానికి కబురు కోటకు చేరింది. మంత్రి వచ్చి పాతరలోకి తొంగిచూశాడు.

"అంతా పంచావా?"

"లేదయ్యా. మూడింట ఒక పాలు పంచాను. రెండు పాళ్ళు లోపలే ఉన్నాయి."

దొంగతనం చేసిన మనిషి ఇలా చెప్పదు. మంత్రి ఆమెను రాజు ముందుకు తీసుకుపోయాడు.

ఇమ్మడిరాజు అడిగాడు: "సుంకమ్మా, వాన ఎప్పుడు వస్తుందో నీకు తెలుసా?"

"తెలియదు ప్రభూ."

"తెలియనిదానివి ఎందుకు ఆపావు?"

"తెలియదు కనుకనే ఆపాను. తెలిసి ఉంటే మొత్తం పంచేదాన్ని."

 రాజు సింహాసనం మీద ముందుకు వంగాడు.

"కట్టడి తప్పావు. అందుకు శిక్ష ఉంది. కానీ తీర్పు మాఘమాసంలో చెబుతాను. చేలల్లో కంకి ఉంటే ఒక తీర్పు, లేకుంటే ఒక తీర్పు. అందాకా పాతర దగ్గర కావలి ఉంటుంది. నువ్వూ అక్కడే ఉండాలి," అన్నాడు.

సుంకమ్మ దిబ్బ మీదే చిన్న పాక వేసుకుంది.

హస్తలో విత్తిన మొదటి పాలు ఎండిపోయింది. చినుకు పడలేదు.

చిత్తలో రెండో పాలు పంచింది. గింజ నేలలో పడిన మూడో నాడు సముద్రం మీదినుంచి గాలివాన వచ్చింది. రెండు రోజులు తెరిపి లేకుండా కురిసింది. వాగులు పొంగి, పైమన్నుతోపాటు గింజలను ఊడ్చుకుపోయాయి.

వాన వెలిశాక జనం మళ్ళీ దిబ్బ ఎక్కారు. ఈసారి ఎవరి చేతిలోనూ గోతాలు లేవు. గంపలూ చాటలూ ఉన్నాయి. ముందు నడిచినవాడు కరెన్నే.

"పెద్దమ్మా, మిగిలింది విత్తడానికి వద్దు. తినడానికి ఇవ్వు. పిల్లలు గంజికి ఏడుస్తున్నారు," అన్నాడు. ఇప్పుడతని మాటలో కోపం లేదు. కావలివాళ్ళు కూడా తలలు దించుకున్నారు.

సుంకమ్మ కూడా ముందు రోజునుంచి తుమ్మబంక నమిలి నీళ్ళు తాగుతోంది. పాతర మూతి మీద చెయ్యి వేసి కాసేపు కూర్చుంది. తరువాత లేచి, దిబ్బ దిగి, ఎదురుగా ఉన్న చేలోకి వెళ్ళింది. వంగి మట్టిని తోడింది. మోచేతి లోతు తోడినా అడుగున తడి తగిలింది. లేచి నిలబడింది. పైట కొంగు పడమటి వైపుకు ఎగురుతోంది. గాలి ఈశాన్యం నుంచి, వాన తెచ్చే వైపునుంచి వీస్తోంది.

"తింటే నెల రోజులు. విత్తితే ఏడాది," అంది. "నాకు ఖాయంగా తెలియదు కరెన్నా. కానీ ఈ తడి మీ చేలల్లోనూ ఉంది, ఈ గాలి మీకూ తగులుతోంది. మీరే చూసి చెప్పండి. తినమంటే తిందాం."

ఒక్కొక్కరే చేలల్లోకి దిగారు. ఒక్కొక్కరే మట్టి తోడారు.  కరెన్న మట్టిచేతులతోనే వచ్చి, తన గంప చాపాడు.

"విత్తుతాం," అన్నాడు.

స్వాతి ప్రవేశించడానికి ఇంకా రెండు రోజులున్నాయి. ఆమె దాని కోసం ఆగలేదు. ఆ పూటే మూడో పాలు కొలిచింది.

స్వాతిలో సన్నగా, ఆగి ఆగి, పది రోజులు కురిసింది. విశాఖలో మంచు పట్టింది. అందాకా జనం ఆకూ దుంపా తిని బతికారు. రాజు కోట ధాన్యం సగం తీయించి గంజి పోయించాడు. మూడింట ఒక పాలు విత్తనమే కనుక మూడింట ఒక పాలు చేలే పండాయి. కానీ కంకులు పిడికిలికి పట్టనంత లావు. తినడానికి సరిపోయింది. ఒక పాతర నిండింది.

మాఘంలో రాజు తీర్పు చెప్పడానికి సభ చేశాడు. "సుంకమ్మకు శిక్ష లేదు. ఇకమీదట కట్టడి మారుస్తున్నాను. హస్తకు బదులు స్వాతికి విత్తాలి," అన్నాడు.

అందరూ జేజేలు కొట్టారు. సుంకమ్మ ఒక్కతే చేతులు జోడించింది.

"వద్దు ప్రభూ. హస్త మనకేం ద్రోహం చేయలేదు. మనమే హస్తను నమ్ముకుని ఆకాశం చూడడం మానేశాం. రేపు స్వాతిని నమ్ముకునీ అదే చేస్తాం."

మంత్రి గుండన ఆ మాట విని లేచి నిలబడ్డాడు. "ఆమె చెప్పింది నిజం. ఏ కార్తె పేరూ రాయవద్దు ప్రభూ, నేలా గాలీ చూసి విత్తాలని రాయండి," అన్నాడు. రాజు ఒప్పుకున్నాడు.

మరుసటి ఏడు శరత్తులో గాలి తొందరగా తిరిగింది. హస్త సగంలోనే వానలు మొదలయ్యాయి. సుంకమ్మ నేల చూసి, ఆ వారమే విత్తనం పంచింది. కబురు పంపితే చిన్నీరన్న బండి కట్టుకొని తిరిగివచ్చి, తన చేలో తానే విత్తుకున్నాడు.

పిల్లలూ, పెద్దల మాట మరవకూడదు. అయినా ఆ మాట నేటి నేలకూ నేటి గాలికీ సరిపోతుందో లేదో కళ్ళారా చూసుకున్నవాడే పంట ఇంటికి తెచ్చుకుంటాడు.