నరికిన మగ బొప్పాయి

లంబసింగిలో సూరప్పడనే పెద్దమనిషి ఉండేవాడు; మనిషి మంచివాడేగానీ, పని చేస్తున్నట్టు కంటికి కనబడని దేన్నీ ఇంట్లో ఉంచనిచ్చేవాడు కాదు. డిసెంబరులో గొడుగునూ, మే నెలలో కంబళినీ పాత సామాన్లవాడికి ఇచ్చేసిన ఘనుడు.

అతని భార్య వరహాలమ్మ పెరట్లో రెండు కొండ బొప్పాయి చెట్లు పెంచుతుండేది. ఆ గింజలు ఊటీ తోటల్లో పనిచేసే ఆమె తమ్ముడు పంపినవి. ఆ మరుసటి ఏడే తమ్ముడు పోయాడు. అందుకే ఆ చెట్లంటే ఆమెకు ప్రాణం. మొదళ్ల దగ్గర నీళ్లు నిలవకుండా మట్టి ఎగదోసేది, మంచు రోజుల్లో ఎండుగడ్డి పరిచేది.

"ఒక్క పండు పండితే చాలు, గింజలు దాచుకుంటాను. లేకపోతే మా తమ్ముడి చెట్టు వీటితోనే పోద్ది" అనేది.

మూడో ఏట రెండూ మొగ్గ తొడిగాయి. ఒకటి కాండానికి ఆనుకుని లావుపాటి మొగ్గలు వేసింది. రెండోది పొడవాటి కాడలకు గుత్తులుగా పూసి, పూసినవన్నీ రాల్చేసింది. వరహాలమ్మ పెళ్లికని చోడవరం వెళ్లిన నాలుగు రోజులూ సూరప్పడు దాన్ని చూసి మండిపడ్డాడు. చివరికి కత్తి తీసి మోకాలెత్తున నరికేశాడు.

తిరిగొచ్చిన వరహాలమ్మ పెరట్లో మొద్దును చూసి, చేతిలో సంచీ దింపకుండానే దాని దగ్గరికి పరుగెత్తింది.

"ఏటి చేసావయ్యా?"

"ఊరికే పూలు రాల్చుకుంటా కూకుంటే మేపుతామేటి? కాసేదాన్ని ఉంచాను కదా."

"అది మగ చెట్టు. దాని పుప్పొడి లేందే ఇది పిందె కట్టదు."

సూరప్పడు నవ్వేశాడు. కానీ పది రోజులకు, అతను ఉంచిన చెట్టు పూలు ఒక్కొక్కటే పసుపెక్కి రాలిపోసాగాయి. ఒక్క పిందె నిలవలేదు. వాటిని ఊడ్చి గంపకెత్తుతూ వరహాలమ్మ కళ్లు తుడుచుకోవడం అతను చూశాడు. తిట్టినా బాగుండేదనిపించింది. వెళ్లి గంప అందుకున్నాడు.

"వరాలూ, దీనికేటైనా దారుందా?"

"బొప్పాయి మొద్దు లోపల డొల్ల. వాన నీరు దిగితే కుళ్లిపోద్ది. దిగకపోతే చిగురెయ్యొచ్చు."

మొద్దు మీద ఏదైనా బోర్లించడానికి సూరప్పడు ఇల్లంతా వెతికాడు. పనికిరాని వస్తువు ఒక్కటీ లేదు, అన్నీ తనే పారేశాడు. సిగ్గు చంపుకుని పక్కింటికి వెళ్లి అంచు విరిగిన మూకుడొకటి అడిగి తెచ్చుకున్నాడు. వానాకాలమంతా గాలికి అది జారినప్పుడల్లా వెళ్లి సరిచేసేవాడు. గొడుగు లేదు కాబట్టి తడుస్తూనే వెళ్లేవాడు.

చలికాలం ముగిసేసరికి మొద్దు పక్కనుంచి చిగురొచ్చింది. మరుసటి ఏడు పొడవాటి కాడలు వేలాడాయి, పూలు రాలాయి. ఈసారి సూరప్పడు వాటిని తొక్కకుండా పక్కనుంచి నడిచాడు. రెండో చెట్టుకు ఏడు పిందెలు నిలిచాయి.

మొదటి పండు కోసినరోజు ఇల్లంతా వాసన ఘుమఘుమలాడింది. వరహాలమ్మ అతనికో ముక్క ఇచ్చి, గింజలు కడిగి నీడన ఆరబెట్టింది.

"మా తమ్ముడింక ఎక్కడికీ పోడు" అంది.

సూరప్పడు తన ముక్కకు అంటుకున్న రెండు గింజల్నీ ఏరి వాటి పక్కన పెట్టాడు. పక్కింటివాళ్లు తిరిగి తీసుకోని ఆ మూకుడు ఇప్పుడు అటక మీద ఉంది. దానికి పనేమీ లేదు. అయినా అతను పారెయ్యలేదు.

నీతి: కంటికి కనబడేది ఒక్కటే పని కాదు, ఎవరి వల్ల ఏం నిలబడుతోందో తెలుసుకోకుండా ఎవరినీ పనికిరానివారని తేల్చెయ్యకూడదు.