మూసెయ్యమన్న మాట

ఊఁ కొడితేనే చెప్తాను. కునికేవాళ్లుంటే ఇప్పుడే లేచి పోండి.

అప్పుడెప్పుడో, మా తాతల తాతలకి మీసాలు మొలవని రోజుల్లో, ఒక రాజ్యంలో కంచు పోతపోసే కొలిమి ఉండేది. ముప్పై కొంపలకి కూడు పెట్టేది అదే. అక్కడ మట్టి తొక్కే ముసలిది గవరమ్మ. మట్టితో మూస వెయ్యాలి, మూసలో కరిగిన కంచు పొయ్యాలి, అదీ పని. "మూస వెయ్యి, మూస వెయ్యి" అని రోజంతా అరిచి అరిచి వాళ్ల నోళ్లలో అది "మూసెయ్యి" అయిపోయింది.

రాజుకి పొరుగుదేశం గిన్నెలు చవగ్గా దొరికాయి. ఇంకేం, కొలిమి దండగన్నాడు. భటుణ్ణి పంపాడు.

"రాజుగారు మూసెయ్యమన్నారు!" అన్నాడు భటుడు.

"అలాగే నాయనా. చెంబులకా, గంటలకా?" అంది గవరమ్మ.

"అంతా మూసెయ్యమన్నారే ముసలీ!"

సరే, అన్నిటికీ మూసలు వేశారు.

వారానికి దివాను వచ్చాడు. "ఇంకా మూసెయ్యలేదా?"

"అయ్యో, రెండొందలు మూసేశాం బాబూ! కాళ్లు పడిపోతున్నాయి."

"ఇవాళే మూసెయ్యాలి!" అని గుడ్లురిమాడు. పాపం, పిల్లా జెల్లా అందరూ మట్టిలోకి దిగారు.

మూడోసారి రాజే వచ్చాడు. గుండెమీద గుద్దుకుంటూ, "నేను! నేను చెప్తున్నా! పూర్తిగా మూసెయ్!" అన్నాడు.

"తమకా మహాప్రభో! నిలువెత్తునా!" అంటూ గవరమ్మ మొహం చేటంత చేసుకుని, దోసెడు మట్టి తీసి రాజు మొహానికి మెత్తింది. ముక్కూ మూతీ ఏకమయ్యాయి. భటులు కత్తులు దూశారు. ముప్పై కొంపలవాళ్లకీ పైప్రాణాలు పైనే పోయాయి.

"కదలకండి బాబూ, మీసం చెడుద్ది. వెయ్యేళ్లు నిలిచే కంచు బొమ్మ మరి!" అంది గవరమ్మ.

వెయ్యేళ్లు! రాజు చెయ్యెత్తి భటుల్ని ఆపాడు. బొమ్మ అయ్యేదాకా కొలిమి ఉండాలి కదా! ఆ బొమ్మకి ఓసారి చెవి వంకర, ఓసారి ముక్కు సొట్ట, ఓసారి బొజ్జ ఎక్కువ. మూస పగలగొట్టడం, మళ్లీ వెయ్యడం. ఇంతలో రాజు పోయాడు. కొడుకు తనకీ బొమ్మ కావాలన్నాడు. కొలిమి ఆరితే ఒట్టు.

గవరమ్మ పొరబడిందా, నాటకమాడిందా? నన్నడక్కండి. అడిగినవాళ్లకి ఆవిడే చెప్పలేదు.

ఆవిడ పోయిన రోజు ముప్పై కొంపలూ గొల్లుమన్నాయి. ఆవిడ కళ్లు తెరిచే ఉన్నాయి. "మూసెయ్యండి" అనడానికి ఒక్కరికీ నోరు రాలేదు. "రెప్పలు దగ్గరగా వెయ్యండ్రా" అన్నారు.

ఇప్పటికీ ఆ ఊళ్లో తలుపైనా, కొట్టైనా దగ్గరగా వేస్తారు తప్ప మూసెయ్యరు. కొత్త కోడలు తెలీక "తలుపు మూసెయ్యనా అత్తా?" అందో, "ముందు మట్టి తొక్కి రావే" అంటారు.