బుగ్గ ఉబ్బిన ఫోను

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక ఇసుక వాగు. ఎండాకాలం వస్తే అందులో చుక్క నీరుండదు. జంతువులన్నీ ఇసుకలో చెలమ తవ్వుకుని తాగేవి. అయితే ఆ వాగు మహా టక్కరిది. ఇక్కడ చినుకు పడకపోయినా, పైకొండల్లో వాన కురిస్తే చాలు, ఉన్నట్టుండి విరుచుకుపడేది.

అందుకే పైకొండ మీద నెమలి, కింద గట్టు మీద చింకయ్య అనే కోతి కాపలా ఉండేవారు. అడవి చూడటానికి వచ్చినవాళ్ళు మరిచిపోయిన రెండు ఫోన్లు, రెండు సోలార్ పలకలు వాళ్ళ దగ్గరున్నాయి. పైన వాన పడగానే నెమలి ఫోన్ చెయ్యాలి. చింకయ్య కేకేసి అందరినీ గట్టు ఎక్కించాలి.

చింకయ్యకు ఫోనంటే ప్రాణం. కానీ కోతిబుద్ధి ఎక్కడికి పోతుంది? కోతులు దొరికిందంతా బుగ్గల్లో కుక్కుకుంటాయి కదా! ఫోన్‌నీ అలాగే మేపాలనుకున్నాడు. ఆటలాడి ఆడి ఛార్జింగు సున్నాకు తెచ్చేవాడు. తరవాత ఎండకు కాలే బండ మీద పెట్టి, నూరు నిండినా పలక నుంచి తీసేవాడు కాదు.

ఏదుపంది ముళ్ళవ్వ చూసి, "ఒరే చింకయ్యా, ఇరవైకి దిగకముందే ఛార్జింగు పెట్టు. ఎనభై దాటాక తియ్యి" అంది.

"కడుపు నిండా పెడితే తప్పా అవ్వా?" అని నవ్వాడు చింకయ్య.

వారానికి ఫోన్ పెనంలా కాలింది. "నీడలో పెట్టరా నాయనా!" అంది ముళ్ళవ్వ. వింటేనా!

మూడోసారి చూసేసరికి ఫోన్ వీపు ఉబ్బి ఉంది. ముళ్ళవ్వ గట్టిగా హెచ్చరించింది: "లోపలి బ్యాటరీ పాడైంది, ఇక దాన్ని నమ్మకురా. ఫోన్ చెడిందని ఇప్పుడే నెమలికి కబురు పెట్టు."

"బుగ్గ ఉబ్బిందవ్వా! బాగా తిన్నది!" అని మురిసిపోయాడు.

ఆ మధ్యాహ్నమే ఫోన్ మోగింది. ఛార్జింగు అరవై చూపిస్తోంది. కింద చెలమ దగ్గర జింకపిల్ల చుక్కి, వాళ్ళమ్మ నీళ్ళు తాగుతున్నారు.

"చింకన్నా, తొందరగా..." అంది నెమలి. అంతే, తెర నల్లబడింది.

చింకయ్య మీట నొక్కాడు. వెలగలేదు. పలకకు తగిలించాడు. వెలగలేదు. ఆకాశం చూస్తే మబ్బు తునకైనా లేదు. నెమలి ఊరికే కబుర్లకూ ఫోన్ చేస్తుంటుంది, ఇప్పుడు ఏం చెప్పబోయింది? మళ్ళీ నొక్కాడు, విదిలించాడు, ఊదాడు.

అప్పుడు వినబడింది హోరు.

"వాగొస్తోంది! పరుగెత్తండి!" అని అరుస్తూ చింకయ్య గట్టు మీంచి దూకాడు. తల్లి జింక ఒక్క ఉరుకులో ఒడ్డెక్కింది. చుక్కి కాలు బండల మధ్య ఇరుక్కుంది. ఎర్రనీళ్ళు మీదికి వస్తున్నాయి. చింకయ్య బలమంతా కూడదీసుకుని లాగాడు. పిల్ల బయటపడింది గానీ, కాలు విరిగింది.

ఒడ్డున వణుకుతూ చుక్కి అడిగింది: "మామా, నీ ఫోను మోగలేదా?"

"మోగింది తల్లీ. దాని ఊపిరి ముందే నేను తీసేశాను" అని చింకయ్య తల బాదుకుని ఏడ్చాడు.

నీతి: పూర్తిగా మాడ్చినా, అతిగా మేపినా, నమ్ముకున్న వస్తువు ఆపదవేళ మొండిచెయ్యి చూపిస్తుంది.