లోహగ్రసుని కోటలో మాయాదూత

పూర్వం ద్వాపరారంభంలో, తుంగభద్రా తీరాన మణిసారపురాన్ని ధర్మనిరతుడైన రుచివర్మ మహారాజు పాలిస్తూ ఉండగా, లోహగ్రసుడనే రాక్షసుడు ఘోరతపస్సుతో విధాతను మెప్పించి, "పితామహా! కంటికి కానరాని రూపంతో మానవదేహాలలో కోట కట్టుకొని వసిస్తాను. నేను రమ్మననిదే ఏ ఔషధమూ నా ద్వారం దాటరాదు" అని వరం పొంది, సేనాసమేతుడై ఆ పురజనుల రక్తంలో ప్రవేశించాడు.

రక్తంలోని లోహధాతువే వాడికి ఆహారం. దానిని అపహరించి తెమ్మని వాడు దూతలను పంపేవాడు. లోహం చేతబట్టి తిరిగివచ్చిన దూతకు కోటతలుపులు తెరుచుకొనేవి. ఇలా బలిసినవాడై పట్టపురాణి హేమలేఖాదేవినీ ఆవహించాడు. రాజవైద్యుల మూలికలన్నీ ఆ ద్వారం దగ్గరే నిర్వీర్యం కాగా, తీవ్రజ్వరంతో ఆ సాధ్వి నానాటికీ క్షీణించసాగింది.

రాజు ప్రార్థించగా వచ్చిన వైద్యతపోధనుడు తామ్రాయణ మహర్షి, ఆమె నాడి పట్టి చాలాసేపు కళ్లు మూసుకొని, "మహారాజా! రాక్షసుని దూతను పోలిన దూతను సృష్టిస్తాను. చేతికి లోహమిచ్చి, వీపున ఔషధం కట్టి పంపుతాను" అన్నాడు.

రాజు ఉలిక్కిపడి, "భగవాన్! లోహమే కదా వాడి బలం! ద్వారపాలకులు ఔషధాన్ని పసిగట్టి, లోహం మాత్రం లాక్కుంటే నా దేవి గతి ఏమిటి?" అన్నాడు.

"అప్పుడు ఈమెను రక్షించడం నా వల్ల కాదు."

మహర్షి మంత్రంతో మాయాదూతను సృష్టించి, ఔషధరసంలో నిలిపి, ఆ పాత్రను రాజు చేతికిచ్చాడు. హేమలేఖ చేయి చాచి, "నాథా, ఊరకున్నా నేను దక్కను. మహర్షిని నమ్మాను, ఇటివ్వండి" అని, మంత్రపూతమైన ఆ రసాన్ని త్రాగింది.

మాయాదూత రక్తప్రవాహంలో సాగి కోటను చేరాడు. ద్వారపాలకులు లోహాన్ని తడిమి, ముఖాన్ని తేరిపార చూశారు. ఒకడు వీపుమీది మూటకేసి చేయి చాపుతుండగా, లోపల ఆకలితో రగిలిపోతున్న లోహగ్రసుడు, "ఆలస్యమెందుకురా! రానివ్వండి వాణ్ణి!" అని గర్జించాడు.

పిలుపు వాడి నోటనే వెలువడింది. దూత లోపల అడుగుపెట్టి మూట విప్పగానే, ఔషధతేజం విజృంభించి, ప్రాకారాలను లోపలినుండే బ్రద్దలుకొట్టి, లోహగ్రసుణ్ణి సేనతో సహా భస్మం చేసింది.

బయట రాణి శరీరం నిప్పులా కాలిపోతూ ఉంటే, రాజు ఆమె పాదాలు పట్టుకొని కూర్చున్నాడు. అంతలో ఆమె నుదుట చెమట పట్టింది. "దాహం" అని కళ్లు తెరిచింది.

ఆ క్షణాన దేవవైద్యులైన అశ్వినులు ప్రత్యక్షమై, "కల్యాణీ! నీ ధైర్యానికి సంతసించాము. వరం కోరుకో" అన్నారు.

"దేవతలారా! నాలాగే పడి ఉన్నవారందరికీ ఈ మందు అందాలి. ఈ విద్య వైద్యులకు ఎన్నడూ మరపు రాకూడదు" అని ఆమె చేతులు జోడించింది.

"తథాస్తు!" అని వారు అంతర్ధానమయ్యారు. మణిసారపురంలో జ్వరపీడితులు ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. ఆరిన హోమాగ్నులు మళ్లీ వెలిగాయి. ప్రజలు నిర్భయులై తమ తమ ధర్మాలలో ప్రవర్తిల్లారు.