సింకులో పోసిన టెస్ట్‌ట్యూబు

మాణిక్యాంబగారిని ఏ ప్రశ్న అడిగినా నోటితో జవాబు చెప్పరు, చేతిలో టెస్ట్‌ట్యూబు పెడతారు. మెల్‌బోర్న్ శివార్లలో, కొత్తగా వలస వచ్చిన పిల్లలకు లాబ్ పని నేర్పే చిన్న శిక్షణశాల ఆవిడది. అనకాపల్లి నుంచి కుటుంబంతో వచ్చిపడ్డ కొండబాబుకు ఈ సంగతి తెలుసు. తెలిసీ అడిగాడు.

"మేడంగారూ, రేపు పరిశోధన లాబ్‌వాళ్లు నా పని చూస్తారట. నచ్చితేనే చోటు. ప్రాక్టికల్స్‌లో నాకు ఫుల్ మార్కులండి. అయినా ఇదివరకు రెండు లాబ్‌లవాళ్లు వద్దన్నారు. నాలో ఏం తక్కువండి?"

ఆవిడ టెస్ట్‌ట్యూబులతోపాటు తెల్లటి పొడి ఉన్న సీసా ఇచ్చారు. "ఇదేమిటో చెప్పు."

కొండబాబు అలవాటుగా చుట్టూ చూశాడు. వాళ్ల కాలేజీ ప్రాక్టికల్స్‌లో ఇచ్చిన పొడి ఏ రసాయనమో అటెండరు సింహాద్రి ముందే చెవిలో ఊదేవాడు. ఆపైన పరీక్షలన్నీ ఆ పేరుకు తగ్గట్టు రాసుకోవడమే. కాబట్టి ఆ ఫుల్ మార్కుల ప్రతిభంతా సింహాద్రిది. ఇక్కడ సింహాద్రి లేడు.

ఆమ్లం చుక్క వేస్తే పొడి బుసబుసా పొంగింది. వంటసోడా అని స్థిమితపడ్డాడు. ఇంకో ట్యూబులో అయోడిన్ వేస్తే నల్లనీలం తిరిగింది. అది పిండికి రావలసిన రంగు. సోడాకేం వచ్చింది? అటూ ఇటూ చూసి ఆ ట్యూబు సింకులో వంచేశాడు.

"వంటసోడా అండి."

"సింకులోది?"

"అది జవాబుకి కలవలేదండి."

"జవాబు నీకెవరు చెప్పారు?"

సింహాద్రి పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. "పోనీ, మీరే చెప్పండి."

"నాకూ తెలీదు. మా కోడలి వంటింట్లో పేరులేని డబ్బాలోది. మళ్లీ చెయ్యి."

జవాబు తెలియకుండా ప్రశ్న వేసే మాస్టర్లుంటారని కొండబాబు ఎరగడు. సాయంత్రం దాకా చేసినా సోడా, పిండి రెండూ తగులుతూనే ఉన్నాయి. ఉన్న కాస్త తెలివీ పోగొట్టుకుని ఇంటికెళ్లాడు.

మర్నాడు పరిశోధన లాబ్ నుంచి మరింత అయోమయంగా తిరిగొచ్చాడు. "అక్కడా అంతేనండి. రెండు ట్యూబులు రెండు మాటలు చెప్పాయి. పక్కపక్కన పెట్టి, నాకర్థం కాలేదన్నాను. అక్కడి పెద్దాయన లేచొచ్చి వంగి చూశాడు. ఇద్దరం చాలాసేపు తలలు గోక్కున్నాం, తేలలేదు. సోమవారం నుంచి రమ్మన్నారండి. నన్ను చూసి ఇంకెవరో అనుకున్నారేమో."

మాణిక్యాంబగారు సింకు కడుగుతున్నారు. "ట్యూబులు ఏం చేశావు?"

"కడగబోతే ఆయన వద్దన్నాడండి. స్టాండులోనే ఉన్నాయి."

"అయితే సోమవారం పెందలాడే వెళ్లు. నీకోసం కూచునుంటాయి."