గోతిలో ఫోను

లంకలకోడు కాలవ మీద తూములు ఎత్తేదీ దించేదీ పోలయ్య, అతని తమ్ముడు ముసలయ్య. నీటి గుట్టు తమకి తెలిసినంతగా ఇంజినీరుకి కూడా తెలియదని ఇద్దరికీ మహా నమ్మకం. ఊళ్ళో తెలివంతా తన కొడుకులకే వచ్చిందని తల్లి చిట్టెమ్మ ఇంటింటికీ చెప్పుకునేది.

వాళ్ళ అక్క వరాలు పట్నం ఆసుపత్రిలో పురిటికి చేరింది. కాన్పు కాగానే ఫోన్ చేస్తానన్నాడు బావ. చిట్టెమ్మ ప్రాణమంతా ఆ ఫోను మీదే ఉంది. తీరా చూస్తే ఛార్జింగ్ ఒక్క గీతే మిగిలింది. అంతే, ఛార్జర్ పెట్టి ఫోనుని గూట్లో ఉంచారు. పది నిమిషాలైనా రెండో గీత రాలేదు.

"ఎలా వత్తాదిరా? ప్లగ్గు కిందుంది, ఫోను పైనుంది. కరెంటు మెరక ఎక్కుద్దా?" అన్నాడు పోలయ్య.

ఇంకేముంది, పార తెచ్చి, అలికిన నేల తవ్వి, గోడ వారనే మూరెడు గొయ్యి తీసి ఫోనుని అందులోకి దించారు. అయినా గీత పెరగలేదు.

"ఎగువనోళ్ళు లాగేత్తన్నారు అన్నయ్యా" అన్నాడు ముసలయ్య.

అంతే, ఫ్యాను ఆపారు, టీవీ ఆపారు. పక్కింటికెళ్ళి శేషారత్నం గ్రైండరు కూడా ఆపేశారు.

"ఈ పూట వంతు మాది పిన్నీ. నువ్వు రేపు రుబ్బుకో" అని చెప్పి వచ్చారు. ఆవిడ పిండి చేతులతోనే వీధి చివరిదాకా తిట్టింది.

ఇంతలో ముసలయ్యకి ప్లగ్గు బోర్డు మీద ఖాళీ కన్నాలు కనపడ్డాయి. కాలవ గట్టుకి ఎలక బొరియలు పడితే ఏం చేస్తారో అదే చేశాడు. బంకమట్టి తడిపి కూరాడు. ఠప్పుమంది. ఫ్యూజు పోయింది, ముసలయ్య ఎగిరి గోతి పక్కన పడ్డాడు.

"చూశావా, ఎంత జోరుగా ఉందో. ఇంకాసేపైతే గండి పడిపోయేది" అన్నాడు లేస్తూ.

చిట్టెమ్మకి ఏడుపొచ్చేసింది. "ఆ ఒక్క గీతా పోతే నా కూతురి కబురు ఎలా తెలుత్తాదిరా?"

తల్లి ఏడుపు చూసి కొడుకులిద్దరూ ఒక్క చుక్క కూడా పోనివ్వమని ఒట్టేశారు. అంతలో ఫోను మోగింది. పైకెత్తితే తొణుకుతుందని పోలయ్య బోర్లా పడుకుని గోతిలోకే చెవి పెట్టాడు.

"నేన్రా, బావని. మీ అక్కకి..."

"బావా, నీ కబురు కోసమే ఉన్న కాస్త ఛార్జింగూ దాచాం. ఊరికే ఫోన్ చేసి అవగొట్టకు" అని కట్ చేశాడు.

మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు. మూడోసారి మోగేసరికి చిట్టెమ్మకి ఒళ్ళు మండింది.

"ఈ అల్లుడికి బుద్ధుందా? తీరా కబురొచ్చే వేళకి ఛార్జింగ్ లేకుండా చేసేలా ఉన్నాడు. ఫోను ఆపెయ్యండ్రా, కబురు వచ్చాక పెట్టుకుందాం."

అంతే, ఆపేశారు. ముగ్గురూ గొయ్యి చుట్టూ కూర్చుని కబురు కోసం ఎదురుచూస్తున్నారు.