అరగంటకో బస్సు

మా అయ్యవారిని ప్రశ్న అడిగితే ముందు చేతికి పని తగులుతుంది. జవాబు తరవాత వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. ఆత్మ అంటే ఏమిటని అడిగిన ప్లీడరుగారిని కరివేపాకు కోసుకు రమ్మన్నారు. విధి గొప్పదా, ప్రయత్నం గొప్పదా అని నేనడిగిన పాపానికి, గోశాల చూరులో తేనెపట్టు ఉందేమో చూసి రమ్మన్నారు. ఉంది. నా ఎడమ కన్ను రెండు రోజులు తెరుచుకోలేదు గానీ, ఆ ప్రశ్న మాత్రం మళ్ళీ నా జోలికి రాలేదు. అందుకని కోరుపల్లి కాలవగట్టు మీదున్న మా ఆశ్రమంలో పాతకాపులం ఎవరమూ తొందరపడి నోరు తెరవం. గ్రంధి సత్యలింగం కొత్తవాడు, రెండేళ్ళ నుంచే వస్తున్నాడు. అతనికింకా మా భయం పట్టుకోలేదు.

సత్యలింగానికి బజారులో వంటింటి సామాన్ల కొట్టుంది. మిక్సీలు, కుక్కర్లు, గ్రైండర్లు, గ్యాసు పొయ్యిలు అమ్ముతాడు. మనిషి మంచివాడే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత నేను వేళాకోళమాడితే మీరు వేరేగా అనుకోకూడదు. ఏ వస్తువు అమ్మినా పెట్టెకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, రెండు చేతులతో అందిస్తూ, "నిశ్చింతగా వాడుకోండమ్మా, పూచీ నాది" అంటాడు. అది వాళ్ళ నాన్నగారి కాలం నుంచీ ఆ కొట్లో ఉన్న ఆనవాయితీ. ఆ నాన్నగారు ఇత్తడి బిందెలు అమ్మినప్పుడు కూడా అదే అనేవారట. బిందెల్లో మోటార్లుండవు కనక ఆయన కాలం సుఖంగా వెళ్ళిపోయింది.

ఏటా మార్గశిరంలో మా పరమగురువుగారి ఆరాధన చేస్తాం. ఆ రోజు నూట యాభై విస్తళ్ళు పడతాయి, ప్రతి విస్తట్లోనూ గారె ఉండాలి. పరమగురువుగారికి గారెలంటే మహా ఇష్టం. ఆయన తత్త్వం మాకు ఏ మేరకు అబ్బిందో తెలీదు గానీ, ఈ ఇష్టం మాత్రం పూర్తిగా అబ్బింది. ఈ ఏడు గారెల పని మొదటిసారిగా నూకరత్నానికి అప్పగించారు. నూకరత్నం మా వీధుల్లో ఇంటింటికీ దోసెల పిండి రుబ్బి పోసే మనిషి. మొగుడు పోయాక ఆమెకు అన్నం పెడుతున్నది ఒక గ్రైండరు. నాలుగు నెలల కిందట దాన్ని సత్యలింగం కొట్లోనే కొంది.

ఆరాధనకు ముందురోజు, సాయంత్రం నాలుగింటికి, మేమంతా అరుగు మీద కూర్చునుండగా ఆటో ఒకటి వచ్చి ఆగింది. నూకరత్నం దిగి, ఆ గ్రైండర్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చంకనెత్తుకొచ్చి, సరిగ్గా సత్యలింగం మోకాళ్ళ ముందు దించింది.

"ఇదిగోండి బాబూ, మీ పూచీ," అంది. "పది రోజుల కిందట మూలగడం మొదలెట్టింది. నాలుగు రోజుల్నుంచి ఆ మూలుగు కూడా లేదు. మీ దగ్గరికొస్తే కాకినాడలో కంపెనీవాళ్ళున్నారు పొమ్మన్నారు. అరగంటకో బస్సుంది, ఎక్కి వెళ్ళమ్మా అన్నారు. ఎక్కాను. వాళ్ళేమో అమ్మినాయన్నే అడగమన్నారు. మీరు మళ్ళీ కాకినాడే అన్నారు. మూడు సార్లండీ అయ్యవారూ! కండక్టరు నన్ను ఎక్కడికని అడగడం కూడా మానేశాడు. పిండి పొయ్యలేక సగం ఇళ్ళవాళ్ళు ప్యాకెట్లకి మళ్ళిపోయారు. రేపు ఇక్కడ గారెలు కూడా పోతే, ఇంక ఈ ఊళ్ళో నన్ను పిలిచేదెవరండీ?"

కొంగుతో మొహం తుడుచుకుని, ఏడుపు కనపడకుండా కోపంగా నిలబడింది.

కొట్లో ఇంకో గ్రైండరు లేదా అని మీరడుగుతారు. ఉంది. ఒకటి కాదు, మూడున్నాయి. గొడవంతా అక్కడే! ఒకటి తెచ్చిస్తే తప్పు తనదని ఒప్పుకున్నట్టవుతుందని సత్యలింగం పట్టుదల. మొహం కందగడ్డలా చేసుకుని అయ్యవారి వైపు తిరిగాడు.

"మీరే చెప్పండి అయ్యవారూ. పెట్టె సీలుతో వచ్చింది, సీలుతోనే ఇచ్చాను. లోపల మోటారు ఎవడు బిగించాడో, ఎలా బిగించాడో నాకేం తెలుసు? చేసినవాడు హాయిగా ఉన్నాడు, అమ్మిన పాపానికి మాటలు పడుతున్నది నేను. వస్తువు చెడితే పూచీ ఎవరిదండీ? చేసినవాడిదా, అమ్మినవాడిదా?"

మేం పాతకాపులం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అడిగేశాడు, పాపం.

అయ్యవారు కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు. "మంచి ప్రశ్న," అన్నారు. తరవాత నూకరత్నం కేసి తిరిగి, "పప్పు నానబోశావా తల్లీ?" అనడిగారు.

"గ్రైండరే లేకపోతే ఏం నానబొయ్యనండీ!"

"నానబొయ్యి. గోశాల పక్కన రుబ్బురోలుంది. గంగులికి ఫోను చేసి కక్కు కొట్టించండి. పొద్దున్న పొత్రం పట్టేది సత్యలింగం. పంక్తిలో గారెలు వడ్డించేది కూడా సత్యలింగమే."

"మరి నా ప్రశ్న?" అన్నాడు సత్యలింగం నీరసంగా.

"అదీ నానుతుందిలే," అన్నారు అయ్యవారు.

గంగులుది పెదగరువు. కాకినాడ బస్సు వాళ్ళ ఊరి మీదుగానే పోతుంది. రుబ్బురోళ్ళు నున్నబడిపోతే ఉలితో మళ్ళీ గరుకు చెయ్యడం, అదే కక్కు కొట్టడం, అతని వృత్తి. ఇంటింటికీ గ్రైండర్లొచ్చాక అతన్ని అడిగే నాథుడు లేడు. అందుకే ఫోను అందగానే పెళ్ళివారి పిలుపొచ్చినట్టు సంబరంగా దిగాడు. గంటసేపు టకటకా కొట్టి, ఊక పోసి తిప్పి, రెండు బిందెల నీళ్ళతో కడిగాడు. "ఇంక ఇందులో రాతి పలుకు వెతికినా దొరకదు. పొద్దున్నే పప్పు పోసేసుకోండి," అని గట్టిగా చెప్పి, దీపాలు పెట్టే వేళకు బస్సెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న మా ఆశ్రమంలో చూడాలి సంబరం! జరీ అంచు పంచె మోకాళ్ళ పైకి దోపుకుని, సత్యలింగం రోలు ముందు బాసింపట్టు వేశాడు. మొదటి వాయికే చెమటలు కారిపోయాయి. రెండో వాయికి పొత్రం అతన్ని తిప్పుతోందో, అతను పొత్రాన్ని తిప్పుతున్నాడో తెలియలేదు. "నీళ్ళు చిలకరించండి బాబూ, పొయ్యకండి! అది గారెల పిండి, దోసెల పిండి కాదు!" అని నూకరత్నం పక్కన నిలబడి కసురుతోంది. కసరడానికి ఆమెకీ హుషారుగానే ఉంది మరి. ప్లీడరుగారూ నేనూ కూడా ఒక్కో వాయి సాయం పట్టాం. చివరికి నూకరత్నం చిన్న పిండి ముద్ద తీసి చెంబులో నీళ్ళ మీద వేసింది. అది మునక్కుండా తేలింది. "తేలింది! తేలింది!" అని సత్యలింగం అరిచిన అరుపుకి గోశాలలో దూడలు బెదిరాయి.

"పాతికేళ్ళుగా రుబ్బే యంత్రాలు అమ్ముతున్నాను గానీ, రుబ్బడమంటే ఏమిటో ఇవాళే తెలిసిందండీ," అన్నాడు ముక్కు మీది పిండి తుడుచుకుంటూ. మనిషి మొహం వెలిగిపోతోంది.

పన్నెండింటికి పంక్తి వేశారు. స్నానం చేసి, కండువా నడుముకి బిగించి, గారెల బుట్టతో సత్యలింగం దిగాడు. కొట్లో నోటికి పట్టిన అలవాటు పంక్తిలో మాత్రం ఎక్కడికి పోతుంది? ప్రతి విస్తరి దగ్గరా వంగి, రెండు చేతులతో గారె వేసి, "నిశ్చింతగా తినండి, పూచీ నాది" అంటూ వెళ్ళాడు. పంక్తంతా నవ్వులే.

అయిదో విస్తరి బుల్లెబ్బాయి తాతది. తాతకి ఎనభై దాటాయి, కొత్త పళ్ళసెట్టు పెట్టించుకుని నెల కాలేదు. ఆయన గారె కొరికారు. 'టక్' మన్న చప్పుడు ఆ చివర కూర్చున్న నాకు కూడా వినపడింది.

"ఏమోయ్ సత్యలింగం! గారెలో రాయేమిటోయ్?"

పంక్తి పంక్తంతా చేతులాపేసింది. వంటశాల గుమ్మంలో నూకరత్నం గారెలు దేవే చట్రంతో సహా అలాగే నిలబడిపోయింది. ఒక్క రాతి పలుకుతో తన పేరు ఊళ్ళోంచి కొట్టుకుపోయిందనుకుంది.

సత్యలింగం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బుట్ట కింద పెట్టి, తాత గడ్డం కింద అరచెయ్యి పట్టాడు. "ఇందులో ఉమ్మెయ్యండి తాతా. పళ్ళకేం కాలేదు కదా? చూడనివ్వండి. అమ్మయ్య!" ఆ విస్తరి తనే ఎత్తేసి, చెయ్యి కడుక్కొచ్చి, కొత్త విస్తరి వేశాడు. "నూకరత్నమ్మా, నీ తప్పేం లేదు, కంగారు పడకు. ఇది రోలు పలుకు, మొదటి వాయిలో వచ్చింది. ఆ వాయి గారెలు పక్కన పెట్టించి, రెండో వాయివి పంపించు," అని కేకేశాడు. అంతకుముందు తను వేసిన నాలుగు విస్తళ్ళలో గారెలూ పేరుపేరునా క్షమించమని అడిగి వెనక్కి తీసుకున్నాడు.

తాత ఊరుకునే రకం కాదు. "అసలా రోలు కొట్టిన వెధవెవడోయ్? పిలు వాణ్ణి, నాలుగు దులుపుతాను!"

"గంగులి సంగతి నేను చూసుకుంటాను తాతా. అది వాడికీ నాకూ మధ్యన. మీరు విస్తరి ముందు నుంచి లేవకండి," అంటూ సత్యలింగం వేడి గారె తెచ్చి, తనే ముందు ఓ ముక్క తుంచుకుని నమిలి చూసి, ఇంకోటి ఆయన విస్తట్లో వేశాడు. తాత అనుమానంగా కొరికారు. రెండోసారి కొరికారు. కళ్ళు మూసుకున్నారు. "ఇంకో రెండు వెయ్యవోయ్," అన్నారు.

అప్పటిదాకా పంక్తి మొదట్లో నెమ్మదిగా పులుసన్నం కలుపుకుంటున్న అయ్యవారు తలెత్తారు.

"సత్యలింగం."

"అయ్యవారూ."

"గంగులుది పెదగరువు కదూ?"

"అవునండి."

"కాకినాడ బస్సు అటే పోతుంది కదూ?"

"అటేనండి."

"మరి తాతని ఎక్కించలేదేం నాయనా?"

సత్యలింగం బుట్టతో సహా నూకరత్నం కేసి తిరిగాడు. ముందు నవ్వింది నూకరత్నం. చట్రం నోటికడ్డం పెట్టుకున్నా నవ్వాగలేదు. తరవాత పంక్తంతా అందుకుంది. సంగతేమిటో తెలియని తాత కూడా మాతోపాటు నవ్వారు. అందరికన్నా ఆఖరున సత్యలింగం మొదలెట్టాడు, అందరికన్నా ఆఖరున ఆపాడు. కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వాడు. అందులో కొంత సిగ్గుందని నాకు తెలుసు, కానీ సంతోషమే ఎక్కువుంది.

భోజనాలయ్యాక చెప్పాపెట్టకుండా స్కూటరు మీద బజారుకెళ్ళి, కొత్త గ్రైండరుతో తిరిగొచ్చాడు. అరుగు మీద పెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, రెండు చేతులతో నూకరత్నానికి అందించాడు. "నిశ్చింతగా వాడుకో అమ్మా," అని, ఒక్క గుటక మింగి, "పూచీ నాది," అన్నాడు. పాతికేళ్ళుగా అంటున్న మాటే అయినా, ఆ రోజే మొదటిసారి అంటున్నట్టు అన్నాడు. నూకరత్నం దాన్ని గుండెకి హత్తుకుని, పొద్దున్నే ఏయే ఇళ్ళకి పిండి పొయ్యాలో వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

సత్యలింగం చెడిపోయిన గ్రైండర్ని గోనెసంచిలో చుట్టి భుజానికెత్తుకున్నాడు. గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చాడు.

"ముందు కాకినాడ వెళ్తానండి. వస్తూ వస్తూ పెదగరువులో దిగి గంగుల్ని పలకరిస్తాను. మరి కంపెనీవాళ్ళు ఒప్పుకోకపోతేనో?"

అయ్యవారు వక్కపలుకు నోట్లో వేసుకున్నారు.

"ఒప్పుకునేదాకా తిరుగు నాయనా. అరగంటకో బస్సుందన్నావుగా."